మూడేళ్ల పాపకు గ్లూటెన్ పడదు. గోధుమలు మానేసినా సాయంత్రం కడుపు ఉబ్బి ఏడుస్తోంది

మల్కాజిగిరి_అమ్మ
మా పాపకు మూడేళ్ల నాలుగు నెలలు. రెండు నెలల క్రితం ముందు రక్తపరీక్షలోనూ, తరువాత ఎండోస్కోపీలోనూ సీలియాక్ వ్యాధి అని తేలింది, అంటే గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీను పడితే పేగు దెబ్బతింటుంది. ఆ రోజు నుంచి చపాతీ, ఉప్మా, సేమియా, బిస్కెట్లు, బ్రెడ్డు ఒక్క ముక్క కూడా పెట్టలేదు. నీళ్ల విరేచనాలు ఆగాయి, ముఖం కొంచెం తేరుకుంది, బరువు ఎనిమిది వందల గ్రాములు పెరిగింది. అయినా వారంలో నాలుగైదు రోజులు సాయంత్రం ఆరు, ఏడు గంటలయ్యేసరికి పొట్ట డోలులా బిగిసిపోతుంది. మోకాళ్లు ముడుచుకుని "అమ్మా, పొట్టలో గాలి కొడుతోంది" అని ఏడుస్తుంది. గాలి పోతే ఊరట, లేకపోతే గంట, గంటన్నర అదే బాధ. మా అత్తయ్య గారు వాము నీళ్లు ఇస్తారు, ఇంగువ వేసిన మజ్జిగ పట్టిస్తారు. ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, మరునాడు ఇంకా ఎక్కువగా వస్తుంది. డాక్టరు గారిని మళ్లీ కలవడానికి ఇంకా మూడు వారాలు ఉంది. ఫోనులో అడిగితే పేగు మానడానికి సమయం పడుతుందని మాత్రమే చెప్పారు. అది నిజమే అయి ఉండవచ్చు, కానీ ఈ రాత్రి పాపకు నేను ఏమి చేయాలో ఎవరైనా చెప్పగలరా? మీ పిల్లలలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కూకట్‌పల్లి_కవలలు
మా పిల్లలకు సీలియాక్ లేదు గానీ గ్యాసు బాధ బాగా తెలుసు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ పట్టుకుని సైకిలు తొక్కించినట్టు నెమ్మదిగా ఆడించండి. తరువాత రెండు మోకాళ్లూ కలిపి పొట్టకు ఆనించి అయిదు సెకన్లు ఉంచి వదలండి. మావాళ్లకు పది నిమిషాలలో గాలి పోయేది. సిమెథికోన్ చుక్కలు కూడా వాడాము.

అమ్మమ్మ_మాట
నెయ్యి గానీ కొబ్బరినూనె గానీ గోరువెచ్చగా చేసి పొట్ట మీద రాయండి. చేయి తిప్పే దిక్కు ముఖ్యం. పాపకు ఎదురుగా కూర్చుంటే గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పాలి. అంటే పాప కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి పైకి, పక్కటెముకల కింద అడ్డంగా, ఎడమ వైపు నుంచి కిందికి. పెద్దపేగు పోయే దారి అదే కాబట్టి గాలి ఆ దారినే బయటికి పోతుంది. వ్యతిరేక దిక్కున తిప్పితే పాపకు సుఖం ఉండదు. నలుగురు మనవలకు ఇదే చేశాను.

బోయిన్‌పల్లి_నాన్న
మసాజు సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు నేను చెప్పేది దయచేసి చదవండి. మా బాబుకు ఒకటిన్నర ఏడు ఉన్నప్పుడు ఇలాగే కాళ్లు ముడుచుకుని ఏడ్చాడు. అయిదు నిమిషాలు కేకలు, తరువాత పావుగంట మామూలుగా ఉండటం, మళ్లీ కేకలు. గ్యాసు అనుకుని మేము రాత్రంతా గడిపాము. తెల్లవారుజామున ఆకుపచ్చ వాంతి అయింది, ఆ తరువాత మలంలో ఎర్రటి జిగురు కనిపించింది. పేగులో పేగు దూరిందని అల్ట్రాసౌండ్‌లో తేలింది. అదృష్టవశాత్తు ఆపరేషన్ లేకుండా గాలి ఒత్తిడితో సరిచేశారు, కానీ ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే పేగు కోయవలసి వచ్చేదని చెప్పారు. మీ పాపకు అదే అని నేను అనడం లేదు. ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, ముట్టుకోనివ్వనంత గట్టిపడిన పొట్ట, జ్వరం, మత్తుగా పడి ఉండటం, నిద్రలోంచి లేపేసే నొప్పి, పొట్ట కుడివైపు కింది భాగంలోనే నిలిచిపోయిన నొప్పి: వీటిలో ఏది కనిపించినా ఏ నూనె కోసమూ ఆగకండి. ఏ రాత్రివేళ అయినా పిల్లల అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

మల్కాజిగిరి_అమ్మ
బోయిన్‌పల్లి_నాన్న గారూ, చదువుతుంటే చేతులు వణికాయి. పాపకు వాంతి, రక్తం, జ్వరం లేవు. గాలి పోగానే లేచి ఆడుకుంటుంది, రాత్రి నిద్రపోతుంది. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అత్తయ్య గారికి కూడా చదివి వినిపించాను.

పోపులడబ్బా
నా ప్రశ్న ఒకటే. మీ అత్తయ్య గారు మజ్జిగలో వేస్తున్న ఇంగువ డబ్బా వెనక ఏమి రాసి ఉందో చదివారా?

మల్కాజిగిరి_అమ్మ
లేదు. ఇంగువ అంటే ఇంగువే కదా అనుకున్నాను. ఇప్పుడే తీసి చూశాను. "గోధుమ పిండి, గమ్ అరబిక్, ఇంగువ" అని ఉంది. గోధుమ పిండి మొదటి పేరు.

పోపులడబ్బా
భయపడిందే అయింది. అసలు ఇంగువ అఫ్ఘనిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు. ఘాటు విపరీతం కాబట్టి దానిని నేరుగా వాడలేము. అందుకే పిండి, జిగురు కలిపి పొడిగానో ముద్దగానో అమ్ముతారు. పొడి డబ్బాలోనే కాదు, ముద్ద ఇంగువలోనూ చాలావాటిలో మైదా ఉంటుంది. పదార్థాల పట్టికలో ఏది బరువులో ఎక్కువో దాని పేరు ముందు రాయాలన్నది నియమం, కాబట్టి మీ డబ్బాలో ఇంగువ కంటే గోధుమ పిండే ఎక్కువ. పప్పులో, చారులో, పులిహోరలో, మజ్జిగలో రోజూ ఇదే పడుతుంది. మినప అప్పడాలలో, ఇంగువ ఆవకాయలో, హోటలు సాంబారులో కూడా ఇదే. గోధుమ రొట్టె మానేసిన తెలుగింట్లో గోధుమ మిగిలిపోయే చోటు పోపులడబ్బాయే. మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగేళ్ల వయసులో సీలియాక్ తేలింది. ఈ సంగతి మాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలలూ ఆమె ఎందుకు కోలుకోవడం లేదో అర్థం కాక ఏడ్చాను.

కూకట్‌పల్లి_కవలలు
చిటికెడు ఇంగువలో అంత ఉంటుందా? ఒక కిలో పప్పులో చిటికెడు వేస్తే ఎంత మిగులుతుంది?

పిల్లల_వైద్యుడు
నేను సీలియాక్ నిపుణుడిని కాను, సాధారణ పిల్లల వైద్యుడిని. కానీ ఈ లెక్క వేయవచ్చు. ఒక చిటికె పావు గ్రాము అనుకుందాం, అందులో సగం గోధుమ పిండి అనుకుందాం. గోధుమ పిండిలో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే చిటికెకు సుమారు 12 మిల్లీగ్రాములు వస్తుంది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌ను చాలామంది సీలియాక్ రోగుల పేగు తట్టుకుంటుందని, రోజూ 50 మిల్లీగ్రాములు మూడు నెలల పాటు పడితే పేగు గోడ దెబ్బతింటుందని అధ్యయనాలలో తేలింది. కుటుంబమంతటికీ చేసిన పప్పులోని చిటికెలో పాప వాటా చిన్నదే. కానీ మజ్జిగ గ్లాసులో వేసిన చిటికె మొత్తం పాప కడుపులోకే పోతుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ అదే ఇస్తున్నారు కాబట్టి నొప్పి ఎక్కువగా ఉన్న రోజే గ్లూటెనూ ఎక్కువగా పడుతోంది.

మల్కాజిగిరి_అమ్మ
ఈ చివరి వాక్యం మూడుసార్లు చదివాను. అత్తయ్య గారికి ఎలా చెప్పాలో తెలియక అరగంట కూర్చున్నాను. చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా డబ్బా తీసుకువెళ్లి చెత్తబుట్టలో వేసి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు.

అమ్మమ్మ_మాట
అమ్మా, మీ అత్తయ్య గారితో నా మాటగా చెప్పండి, ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. మా చిన్నప్పుడు ఇంట్లో ఉండే ఇంగువ వేరు, అంగడిలో కరక్కాయంత ముక్క కొని చెక్క పెట్టెలో దాచుకునేవాళ్లం. ఇప్పటి డబ్బాలో ఏముందో చిన్న అక్షరాలు చూడలేని మాబోటి వాళ్లకు ఎలా తెలుస్తుంది? వాము మాత్రం మానవలసిన పని లేదని నా అభిప్రాయం. చెంచాడు వాము వేయించి, రెండు గ్లాసుల నీళ్లు పోసి సగానికి మరిగించి, వడకట్టి, చల్లారిన తరువాత రెండు మూడు చెంచాలు ఇవ్వండి.

పిల్లల_వైద్యుడు
మూడేళ్లు దాటిన పాపకు అంత కొద్దిగా వాము నీళ్లు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. వాములో థైమాల్ అనే నూనె ఉంటుంది, ఘాటుగా చేస్తే నోరు, గొంతు మండుతాయి కాబట్టి పలుచగా ఉండాలి. విడిగా అమ్మే వాములో గోధుమ గింజలు కలవవచ్చు, ఏరి, కడిగి, ఎండబెట్టి వాడండి. ఇంగువ విషయంలో ఇంకో మాట: శుద్ధమైన ఇంగువనైనా ఏడాది లోపు పసిపిల్లలకు నోటి ద్వారా ఇవ్వవద్దు, దానివల్ల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి బిడ్డ నీలంగా మారిన సందర్భం వైద్య సాహిత్యంలో ఉంది. వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం కూడా వద్దు. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం కారణంగానే అమెరికాలో 1968లో దానిని ఆహారంలో వాడకూడదని నిషేధించారు. కూకట్‌పల్లి_కవలలు గారు చెప్పిన సిమెథికోన్ శరీరంలోకి ఇంకదు, హాని చేయదు, కానీ పసిపిల్లల కడుపునొప్పిపై జరిపిన పరీక్షలలో ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేసిందని తేలలేదు.

కూకట్‌పల్లి_కవలలు
మా పిల్లలకు పనిచేసింది డాక్టరు గారూ. చుక్కలు వేసిన పది నిమిషాలకు నవ్వేవాళ్లు.

పిల్లల_వైద్యుడు
నవ్వి ఉంటారు, కాదనను. ఆ పది నిమిషాలూ మీరు ఎత్తుకుని, వీపు నిమురుతూ, అటూ ఇటూ నడిచారు కదా. నడక, నిమరడం కూడా గాలిని కదిలిస్తాయి. చుక్కలు వేయవద్దని నేను అనడం లేదు.

తార్నాక_ఆహారం
నేను ఆహార నిపుణురాలిని. ఇంగువ ఇంట్లోంచి వెళ్లిపోవడం మంచిదే. అయితే పోపులడబ్బా గారితో ఒక చోట నేను విభేదిస్తాను. ఇంగువ ఒక్కటే కారణమైతే నొప్పి ఏ వేళనైనా రావాలి. మీ పాపకు నొప్పి వచ్చిన రోజల్లా ఆరు, ఏడు గంటల మధ్యే వస్తోంది. గడియారం పట్టుకుని వెనక్కి వెళ్లండి: మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు పాప ఏమి తింటోంది, ఏమి తాగుతోంది?

మల్కాజిగిరి_అమ్మ
ప్లేస్కూలు నుంచి మూడున్నరకు వస్తుంది. నాలుగింటికి పెద్ద గ్లాసు పాలు. ఇంతకుముందు మాల్టు పొడి కలిపేదాన్ని, అందులో బార్లీ ఉందని తెలిసి మానేసి, ఇప్పుడు రాగిపిండి పాలలోనే కాచి ఇస్తున్నాను. సన్నబడిపోయింది కదా అని పాలు ఇంకో అరగ్లాసు పెంచాను.

తార్నాక_ఆహారం
సీలియాక్‌లో దెబ్బతినేది చిన్నపేగు గోడ మీద సన్నని వేళ్లలా ఉండే ఆంత్రచూషకాలు. పాలలోని లాక్టోజ్ చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ ఎంజైము ఆ చూషకాల కొనల మీదే తయారవుతుంది. కొనలు అరిగిపోతే ఎంజైమూ పోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తాయి. పొట్ట డోలులా ఉబ్బేది అప్పుడు. నాలుగింటి పాలు పెద్దపేగుకు చేరి పులియడానికి రెండు, మూడు గంటలు పడుతుంది, మీరు చెప్పిన ఆరు, ఏడు గంటలు సరిగ్గా అదే. ఈ పాల ఇబ్బంది శాశ్వతం కాదు. పేగు మానేకొద్దీ కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలో ఎంజైము తిరిగి వస్తుంది.

పోపులడబ్బా
తార్నాక_ఆహారం గారూ, మీరు చెప్పింది కాదనలేను, కానీ పాలు మానిపించమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఎముకలకు కాల్షియం అందక ఇప్పటికే చిక్కిపోయిన పిల్ల. గోధుమ పోయింది, పాలూ పోతే ఇంక ఆ పసిదానికి మిగిలేది ఏమిటి? మా అమ్మాయికి ఒక ఆసుపత్రిలో ఏ పరీక్షా లేకుండా ఏడాది పాటు పాలు మానిపించారు, తీరా చూస్తే విటమిన్ డి, కాల్షియం రెండూ పడిపోయాయి.

తార్నాక_ఆహారం
మీ అమ్మాయి విషయంలో జరిగింది అన్యాయం. నేను ఏడాది మానిపించమనడం లేదు, రెండు వారాలు మాత్రమే, అదీ పాలు మాత్రమే. పెరుగు మానవద్దు. తోడు పడే సమయంలో లాక్టోజ్‌లో కొంత భాగం పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది, మిగిలినది అరగడానికి పెరుగులోని జీవులే సాయపడతాయి. కాల్షియం కోసం రాగి ఉంది: జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వులలో అంతకు మూడు రెట్లకు పైగా. రాగి జావ నీళ్లలో కాచి, చల్లారాక పెరుగు కలపండి. రోజుకో చిన్న నువ్వుల ఉండ ఇవ్వండి, మూడేళ్ల పిల్ల కాబట్టి గొంతుకు అడ్డం పడకుండా మెత్తగా దంచి చేయండి.

పోపులడబ్బా
రెండు వారాలు, పెరుగుతో అంటే సరే. రాసి పెట్టుకోండి మల్కాజిగిరి_అమ్మ గారూ, పదిహేనో రోజున పాలు కొద్దిగా మళ్లీ ఇచ్చి చూడాలి.

పిల్లల_వైద్యుడు
ఇంగువ ఎలాగూ ఇక వాడకూడనిదే, అది ఈ రోజే పోవాలి. పాలు మాత్రం వారం ఆగి మార్చండి. రెండూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మూడు వారాల తరువాత మీ డాక్టరు గారికీ తెలియదు. తిన్నది, తాగింది, నొప్పి వచ్చిన గంట, మలం ఎలా ఉంది అన్నవి రోజూ నాలుగు మాటల్లో రాయండి.

జొన్నరొట్టె
మలం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. విరేచనాలు ఆగాక పాప రోజూ వెళుతోందా? మా మేనకోడలికి విరేచనాలు తగ్గి, అన్నం, పెరుగు, అరటిపండు మాత్రమే పెట్టడం వల్ల మలబద్ధకం వచ్చింది. నాలుగు రోజులకు ఒకసారి మేకపెంటికల్లాంటి మలం వస్తే వెనక గాలి ఎలా కదులుతుంది?

మల్కాజిగిరి_అమ్మ
రెండు రోజులకు ఒకసారి, కొంచెం గట్టిగానే. అది నేను లెక్కలోకే తీసుకోలేదు.

జొన్నరొట్టె
నీళ్లు గంటగంటకూ రెండు గుక్కలు తాగించండి. బొప్పాయి, జామ పెట్టండి, జామ గింజలు తీసేయండి. భోజనం అయిన పది నిమిషాలకు కాళ్ల కింద పీట వేసి కూర్చోబెట్టండి, కాళ్లు గాలిలో వేలాడితే పిల్లలు ముక్కలేరు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, జొన్నపిండి, రాగిపిండి ఎక్కడ పట్టిస్తున్నారు?

మల్కాజిగిరి_అమ్మ
మా వీధి చివర గిర్నీలో.

జొన్నరొట్టె
అదే గిర్నీలో పొద్దున్నుంచి రాత్రి దాకా గోధుమలే పడతాయి. రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డసంచిలో మిగిలిన గోధుమ పిండి మీ జొన్నపిండి మొదటి కిలోలోకే వస్తుంది. మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె, జొన్నరొట్టె మీదే పెరిగాము. హైదరాబాదు వచ్చి, మేనకోడలికి సీలియాక్ అని తేలాక గిర్నీ ఆయనను బతిమాలాము, మంచి మనిషి కాబట్టి పొద్దున గిర్నీ తెరవగానే మాది పట్టి ఇస్తానన్నాడు. అయినా ముందు రాత్రి చివరగా పట్టినవి గోధుమలే కదా. చివరికి ఇంట్లోకే చిన్న పిండిమర కొన్నాము. కొనలేకపోతే రాగులు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో వేసి జల్లించుకోవచ్చు. గోధుమ పిండి పట్టిన జల్లెడ, గోధుమ చపాతీ కాల్చిన పెనం వద్దు, జల్లెడ కొత్తది తీసుకోండి.

అమ్మమ్మ_మాట
తిరగలి ఉన్న ఇల్లయితే తిరగలే మేలు. మా ఇంట్లో తిరగలి ఇప్పుడు తులసికోట పక్కన పూలకుండీకి పీటగా ఉంది. ఇది చదివాక మా మనవడు దానిని కడిగి లోపలికి తెచ్చి, "దీనికి ఛార్జింగు ఎక్కడ పెట్టాలి అమ్మమ్మా" అని అడిగాడు.

కూకట్‌పల్లి_కవలలు
ఇడ్లీ మాట ఏమిటి? అందులోనూ రవ్వ వేస్తాం కదా, అదీ మానాలా?

పోపులడబ్బా
ఇడ్లీ రవ్వ బియ్యం నుంచి వస్తుంది, అది పరవాలేదు. బొంబాయి రవ్వ గోధుమ. కిరాణాలో రెండు బస్తాలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకే గరిటెతో తీసి తూస్తారు, అందుకే విడిగా కొనవద్దు. బియ్యం నానబెట్టి రుబ్బుకుంటే ఆ దిగులే లేదు. బయట కొన్న దోశపిండిలో ఏమి కలిపారో తెలియదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వ, అన్నవరం ప్రసాదమూ గోధుమ నూకే. రంజాన్ నెలలో ఇంటికి వచ్చే హలీమ్‌లో మాంసంతో పాటు గోధుమలూ ఉంటాయి. ప్రసాదం వద్దనడానికి నోరు రాదు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. మేము మా అమ్మాయి పేరు చెప్పి కొబ్బరి ముక్క, అరటిపండు అడిగి తీసుకుంటాము, ఇంతవరకు ఏ పూజారి గారూ కాదనలేదు.

తార్నాక_ఆహారం
పప్పుల సంగతి ఎవరూ అనలేదు. గోధుమ మానిపించిన తల్లులు బలం కోసం శనగలు, రాజ్మా, అలసందలు ఒక్కసారిగా పెంచేస్తారు. వాటిలోని రాఫినోజ్ వంటి చక్కెరలను జీర్ణం చేసే ఎంజైము పిల్లలకే కాదు, మనుషులెవరికీ లేదు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే కొంత తగ్గుతుంది. ఈ నెలంతా పెసరపప్పు పెట్టండి, చిన్న కడుపుకు అది తేలిక. జొన్న, సజ్జ, కొర్ర వంటి చిరుధాన్యాలలో గ్లూటెన్ లేదు, కానీ పీచు ఎక్కువ. వాటిని కూడా వారానికి ఒకటి చొప్పున కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, లేకపోతే మంచి తిండే గాలి పుట్టిస్తుంది.

బోయిన్‌పల్లి_నాన్న
నాకు ఒక సందేహం. దక్షిణాదివాళ్లకు ఈ వ్యాధి రాదని మా బంధువు ఒకాయన వాదిస్తారు.

పిల్లల_వైద్యుడు
తక్కువ, కానీ లేకపోలేదు. 2016లో ప్రచురితమైన దేశవ్యాప్త సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి మించి, దక్షిణాదిన వెయ్యికి సుమారు ఒకరు కనిపించారు. తక్కువ కాబట్టే ఇక్కడ అనుమానించడం ఆలస్యమవుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి: తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా టీటీజీ (సీలియాక్‌ను పట్టే యాంటీబాడీ) రక్తపరీక్ష చేయించుకోవాలి, వాళ్లకు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ.

మల్కాజిగిరి_అమ్మ
పదకొండు రోజులు గడిచాయి, మీకందరికీ సంగతులు రాస్తున్నాను. మొదటి వారం ఇంగువ, గిర్నీ పిండి మాత్రమే మానేశాను. నిజం చెప్పాలంటే ఆ వారం నొప్పి పెద్దగా తగ్గలేదు, ఏడు సాయంత్రాలలో నాలుగు అలాగే గడిచాయి. ఎనిమిదో రోజున నాలుగింటి పాలు ఆపి, నీళ్లలో కాచిన రాగి జావలో పెరుగు కలిపి ఇచ్చాను. ఆ సాయంత్రం ఏడింటికి నేను పాప పక్కనే గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. తొమ్మిదో రోజూ ఏమీ లేదు. పదో రోజు మాత్రం మధ్యాహ్నం నుంచే పొట్ట బిగిసింది, రాత్రి ఒక నీళ్ల విరేచనం కూడా అయింది. ఇంట్లో పెట్టిన ప్రతి ముద్దా రాసుకున్నాను, అందులో తప్పు కనిపించలేదు. మరునాడు స్కూలులో ఆరా తీస్తే డబ్బా కూడా ఇంటిదే తిందన్నారు.

పోపులడబ్బా
స్కూలులో రంగురంగుల పిండిముద్దలతో ఆడిస్తారా? ప్లే డో అంటారు, చాలావాటిలో గోధుమ పిండే ఉంటుంది. మా అమ్మాయి దానితో చిలుకను చేసి, ఆ చిలుక తోక కొరికింది.

మల్కాజిగిరి_అమ్మ
అవును, ఆ రోజు అదే ఆడించారట! మా పాప లడ్డూలు చేసి స్నేహితులకు పంచి, తన వాటా తిన్నదని ఆయమ్మ నవ్వుతూ చెప్పింది. ఆమెకు తెలియదు కదా. రేపు టీచరు గారితో మాట్లాడి, ఇంట్లో బియ్యప్పిండి, ఉప్పు, నూనె, పసుపు కలిపి ముద్ద చేసి పంపిస్తాను, మొత్తం తరగతికీ సరిపడా.

జొన్నరొట్టె
తరగతి మొత్తానికి చేయాలన్న మీ ఆలోచన చాలా బాగుంది. ఒక్క పాపకు వేరే ముద్ద ఇస్తే పక్క పిల్ల ముద్దే రంగుగా కనిపిస్తుంది.

అమ్మమ్మ_మాట
నొప్పి వచ్చిన ఆ పదో రోజు ఏమి చేశారమ్మా?

మల్కాజిగిరి_అమ్మ
మీరు చెప్పినట్టే కొబ్బరినూనెతో గడియారం దిక్కున పావుగంట రాశాను, కాళ్లు ఆడించాను, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు నా చేతి మీద వేడి చూసుకుని పొట్ట మీద పరిచాను. అత్తయ్య గారు భుజాన వేసుకుని వరండాలో నడిచారు. ఇరవై నిమిషాలకు గాలి పోయింది, ఇదివరకు గంటకు పైగా పట్టేది. ఆవిడ కొత్త ఇంగువ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమంటున్నారు, మజ్జిగకు కాదు, పులిహోరకు.

పోపులడబ్బా
బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా అమ్ముతారు. బేగంబజారులో అడిగితే పిండి కలపని ముక్క ఇంగువ చూపిస్తారు, కానీ దుకాణదారు మాట మీద కొనవద్దు. ప్యాకెట్టు మీద గ్లూటెన్ లేదని ముద్రించి ఉండాలి. మన దేశ ఆహార నియమాల ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. దొరకకపోతే పులిహోరలో అల్లం, కరివేపాకు కాస్త ఎక్కువ వేయండి.

పిల్లల_వైద్యుడు
మీ రాత పుస్తకం డాక్టరు గారికి తప్పక చూపించండి. బరువుతో పాటు ఎత్తు, హిమోగ్లోబిన్, విటమిన్ డి చూడమని అడగండి. టీటీజీ నెమ్మదిగా తగ్గుతుంది, నెలల తేడాతో చూడాలి, రెండు నెలలకే ఎక్కువగా ఉందని కంగారు పడవద్దు. మీరూ మీ వారూ పరీక్షకు రక్తం ఇచ్చారా?

మల్కాజిగిరి_అమ్మ
ఇంకా ఇవ్వలేదు. ఆయనకు ఎప్పటి నుంచో రక్తహీనత ఉంది, ఐరన్ మాత్రలు వేసుకున్నా ఎక్కదు. పాప కోసం ఇంట్లో చపాతీ లేదు కాబట్టి ఆయనా రెండు నెలలుగా మానేశారు, ఆఫీసు క్యాంటీనులో కూడా అన్నమే తింటున్నారు. శనివారం ఇద్దరం వెళ్లి రక్తం ఇద్దామనుకుంటున్నాము.

పిల్లల_వైద్యుడు
మీ వారిని శనివారం వెళ్లవద్దని చెప్పండి. గోధుమ మానేసిన మనిషిలో ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు. ముందు ఆయన వైద్యుడిని కలవాలి. మళ్లీ ఎన్ని వారాలు, ఎంత గోధుమ తిని పరీక్షకు వెళ్లాలో వారు చెబుతారు. మీరు బయట ఎక్కడైనా గోధుమ తింటూ ఉన్నారా?

మల్కాజిగిరి_అమ్మ
నేను రోజూ బ్యాంకు దగ్గర టీతో రెండు ఉస్మానియా బిస్కెట్లు తింటాను, ఇంటికి వచ్చే ముందు చేతులు, మూతి కడుక్కుంటాను. అయితే శనివారం నేను వెళతాను, ఆయనను క్యాంటీనులో చపాతీ మొదలుపెట్టే ముందు డాక్టరును కలవమంటాను. పాలు ఆపిన పదిహేనో రోజున పావు గ్లాసు ఇచ్చి, ఆ సాయంత్రం ఏడింటికి ఇక్కడ రాస్తాను.